అవ్వ కూర్చునే రాయి

ఆ రోజుల్లో లెక్కలు వచ్చినవాళ్లకు ఈ లోకంలో భయపడాల్సినది ఏదీ లేదని నేను మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకం ఎంత గట్టిదంటే, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసూయ పుడుతుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. సెల్‌ఫోన్ ఉన్నవాళ్లు దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడేలా పెట్టుకునే కాలం. మాది కల్లూరు దగ్గర ఒక తండా. మా నాన్నకు (మేం బాపు అంటాం) బస్సు కండక్టరుగా నౌకరీ రావడంతో ఖమ్మం చివర ఖానాపురం హవేలిలో రెండు గదులు కిరాయికి తీసుకుని మమ్మల్ని పట్నం పిల్లల్ని చేశాడు. నేను పదో తరగతి పాసయ్యేసరికి నా ఈడు పిల్లలంతా ఇంటర్‌లో చేరి ఎంసెట్ పుస్తకాలు మోయడం మొదలుపెట్టారు. నన్ను మాత్రం బాపు పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమాలో చేర్పించాడు. బస్సులో రోజూ కలిసే ఒక సూపర్‌వైజర్ ఆయనకు చెప్పాడట: "డిప్లొమా అయితే చేతిల పని ఉంటది అన్నా. మూడేండ్లు అయినంక ఈసెట్ రాస్తే ఇంజనీరింగ్‌ల సీదా రెండో సంవత్సరంల పోయి కూసోవచ్చు." ఆ 'సీదా' అన్న మాట బాపుకి తెగ నచ్చింది. మధ్యలో ఒకచోట దిగి బస్సు మారినా చేరాల్సిన ఊరు అదే కదా అని ఆయన లెక్క. మా చిన్నాన్న కొడుకు మాత్రం ఇంటర్‌లో చేరిన మొదటి వారంలోనే, "మీది దొడ్డిదారి అక్కా" అన్నాడు. ఆ మాటను నేను మూడేళ్లు మరిచిపోలేదు. (ఇప్పటికీ మరిచిపోలేదు, వాడు మరిచిపోయాడు.)

పాలిటెక్నిక్‌లో మొదటి సంవత్సరమంతా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీలే. తెలుగు మీడియంలోంచి వచ్చిన నాకు ఇంగ్లీషులో పాఠం మొదలుకాగానే చెవుల్లో తేనెటీగలు దూరినట్టుండేది. కెమిస్ట్రీ లెక్చరర్ నీటి కఠినత గురించి గంటసేపు చెబితే నాకు అర్థమైనది ఒకటే, ఆయన ఇంట్లో కూడా పప్పు ఉడకదని. ఫిజిక్స్‌లో పెండ్యులం ఊగేటప్పుడు ఊపులు లెక్కపెట్టమంటే, మధ్యలో నేనే కునికిపాట్లు పడేదాన్ని. కానీ లెక్కల క్లాసులో ఆ గొడవ లేదు. బోర్డు మీద ఒక సమీకరణం రాస్తే అది తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు, నాకు మాత్రం అది మా ఇంటి భాష. మొదటి పరీక్షలో లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. ఆ రోజు నుంచి నా నడక మారిందని మా క్లాసు పిల్లలు అనేవాళ్లు. లెక్క చివర సరిచూసుకుని, 'చెక్ ఓకే' అని రాసి కింద రెండు గీతలు కొట్టడం నాకు అలవాటు. అందుకని క్లాసంతా నన్ను 'చెక్ రాణి' అనేది. ఎగతాళికే అన్నారు గానీ నేను బిరుదుగానే తీసుకున్నాను.

నా బెంచీలో పక్కన కూర్చునే స్నేహితురాలి పేరు 'అనుమానం'. అది కూడా క్లాసు పెట్టిన పేరే. తాళం వేసి వచ్చాక మళ్లీ వెనక్కి వెళ్లి తాళం లాగి చూసే రకం. మా ఇద్దరికీ ఎలా కుదిరిందో తెలియదు గానీ, నేను చేసిన లెక్కను తను మళ్లీ చేసేది, తను చేసిన లెక్కను నేను చూడకుండానే బాగుందనేదాన్ని.

మూడో సంవత్సరం ఎండాకాలం మొదట్లో మాకు సర్వే క్యాంపు పడింది. సివిల్ వాళ్లకు అదొక పరీక్ష. వారం రోజులు ఒక ఊళ్లో ఉండి, నేల ఎత్తుపల్లాలు కొలిచి, పటం గీసి, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు చెప్పాలి. అందులో తప్పితే డిప్లొమా చేతికి రాదు, మళ్లీ క్యాంపు వచ్చే ఏడే. అంటే ఆ ఏటి ఈసెట్ గోవిందా, ఇంజనీరింగ్‌లో చిన్నాన్న కొడుకు నాకంటే ఒక ఏడు ముందుంటాడు. ఇది నాకు బాగా తెలుసు. తెలిసినా గుండె దడ మాత్రం లేదు, ఎందుకంటే ఎత్తుపల్లాలు కొలవడమంటే మళ్లీ లెక్కలే. ప్రతి పేజీ కింద చెక్ వేసే వీలున్న లెక్కలు. నా కోసమే కనిపెట్టారనుకున్నాను.

భద్రాచలం దారిలో పెద్ద రోడ్డు వదిలి అడవి లోపలికి పోతే ఒక చిన్న ఊరు. కోయవాళ్ల ఇళ్లు ముప్పై దాకా ఉంటాయేమో. ఊరవతల వాగు, ఇవతల పొలాలు, మధ్యలో ఇప్పచెట్లు. మమ్మల్ని బడిలో దించారు. మా సర్వే లెక్చరర్‌ను మేం 'గొలుసు సార్' అనేవాళ్లం, భూమిని కొలిచే ఇనుప గొలుసు ఆయన భుజం మీద కండువాలా ఎప్పుడూ ఉండేది. ఆయన మా బ్యాచ్‌కి ఇచ్చిన పని ఇది: వాగు నుంచి ఫలానా పొలానికి కాలువ తవ్వితే నీళ్లు పారుతాయా, పారవా తేల్చాలి. ఊరికే అభ్యాసానికే, నిజంగా కాలువ తవ్వేవాళ్లు ఎవరూ లేరు. ఆ పొలం ఒక అవ్వది. ఆ సంగతి మాకు మొదటి రోజు పొద్దున్నే తెలిసింది, ఎందుకంటే ఆ అవ్వే మమ్మల్ని తిట్టింది.

ఇప్పపువ్వు రాలే కాలం అది. అక్కడ ఒక్కో చెట్టు ఒక్కో ఇంటిది. పువ్వు రాలడానికి ముందే చెట్టు కింద ఆకులన్నీ ఊడ్చి, కాల్చి, నేలను వాకిలిలా శుభ్రం చేసి పెట్టుకుంటారు. తెల్లవారేసరికి పచ్చటి పువ్వు పరుచుకుని ఉంటుంది, ఏరుకుని ఎండబెట్టుకుంటారు. మాకేం తెలుసు? అడవిలో ఇంత నున్నటి జాగా దొరికిందని సంతోషపడి, ఎత్తులు చూసే లెవెల్ మిషన్ మూడుకాళ్ల స్టాండు తెచ్చి సరిగ్గా పువ్వు మధ్యలో దింపాను.

"ఓ పిల్లా! కండ్లు ఏడ పెట్టుకున్నవ్? పువ్వు మీద కాలు పెడితె ఊకుంటననుకున్నవా?" అంటూ అవ్వ గంప పట్టుకుని వచ్చింది.

"సర్వే చేస్తున్నం అవ్వా. నీ పొలానికి వాగు నీళ్లు వస్తయా రావా చూస్తున్నం," అన్నాను, ఏదో జిల్లా కలెక్టరు పంపినట్టు.

అవ్వ ముఖంలో కోపం ఆగిపోయింది. "నా పొలంలకా? నీళ్లా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత తనే స్టాండు కాలు ఒకటి ఎత్తి పక్కకు పెట్టి, "గిట్ల పెట్టుకో. పువ్వు నలగది," అంది. ఇది అభ్యాసానికే అని ఆ మాట దగ్గరే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కలెక్టరు పంపినట్టు నిలబడటం బాగుండి చెప్పలేదు.

ఎత్తులు కొలవాలంటే ముందు ఒక కదలని గుర్తు కావాలి. దాన్ని బెంచ్ మార్క్ అంటారు. దాని ఎత్తు వంద అనుకుని, మిగతా నేలంతా దాంతో పోల్చి కొలుస్తాం. గొలుసు సార్ బడి మెట్టును చూపించాడు. బడి మెట్టేమో చాలా దూరం. అక్కడి నుంచి రావాలంటే మిషన్‌ను నాలుగుసార్లు అదనంగా దింపాలి, ఎత్తాలి. ఇప్పచెట్టు పక్కనే ఒక రాయి కనబడింది, పైన చదునుగా, పీటంత వెడల్పున, ఎవరో చెక్కి పెట్టినట్టు. నేను దాని మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టేశాను.

"కదలనిదేనా అది?" అని సార్ దూరం నుంచే అడిగాడు.

"కదలదు సార్."

"ఎట్ల చెప్తున్నవ్?"

"రాళ్లు ఎట్ల కదుల్తయ్ సార్?" అన్నాను. క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, గొలుసు సర్దుకుని వేరే బ్యాచ్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ నవ్వు నా తెలివికి వచ్చిన మార్కు అనుకున్నాను.

మొదటి రోజు పొలం వైపంతా కొలిచాం. రెండో రోజు పొద్దున వాగు వైపు కొలవడానికి వచ్చాం. ఎర్ర గుర్తు ఉన్న రాయి కనబడింది. చెట్టుకు కొంచెం అవతల గట్టు మీద ఉన్నట్టనిపించింది గానీ, అడవిలో నిన్న చూసిన చెట్టు ఏదో ఇవాళ ఎవరికి గుర్తుంటుంది? గుర్తు నాదే, రంగు నాదే. అవ్వ పక్కనే తడక మీద పువ్వు ఎండబోసుకుంటోంది. ఆమె అరచేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి. ఈ వయసులో గోరింటాకు ముచ్చట చూడవే అని పక్కనున్న మా అనుమానంతో అన్నాను. అనుమానం నవ్వలేదు. "ఒక్కసారి నిన్నటి పొలం పాయింట్ ఒకటి చూసి మొదలుపెడదామే. కలుస్తదో లేదో," అంది.

"నిన్నటి లెక్క రాత్రికి రాత్రి మారుతదా?" అని కొట్టిపారేశాను.

వాగు దాకా కొలుచుకుంటూ వెళ్లి, తిరిగి ఆ రాయి దగ్గరికే వచ్చి ముగించాం. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి! అంత బాగా కలవడం మా కాలేజీలో ఎప్పుడూ జరగలేదని మిగతా బ్యాచ్‌ల వాళ్లు కూడా ఒప్పుకున్నారు. 'చెక్ ఓకే' అని రాసి ఆ రోజు రెండు గీతలకు బదులు మూడు కొట్టాను. తేలిందేమిటంటే, పైవంపు దగ్గర కూడా వాగు నీళ్లు అవ్వ పొలం కంటే మూరెడు కిందున్నాయి. కాలువ తవ్వినా నీళ్లు ఎక్కవు.

చివరి రోజు ఎగ్జామినర్ సార్ వచ్చాడు. సన్నగా, తెల్లటి బుష్ షర్టు, చేతిలో చిన్న సంచి. మధ్యాహ్నం మూడింటికి భద్రాచలం బస్సు పట్టుకోవాలని రాగానే చెప్పాడు. ఇప్పచెట్టు నీడలోనే కుర్చీ వేశాం. అవ్వ కూడా వచ్చి ఒక పక్కన కూర్చుంది. ఆమె ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. అయినా నేను పటం విప్పి, గొంతు సవరించుకుని, ఒక్క తడబాటు లేకుండా మొత్తం చెప్పాను. ఎగ్జామినర్ నా లెక్కల పుస్తకంలో మిల్లీమీటరు తేడా చూసి కనుబొమలెత్తాడు. "శభాష్," అన్నాడు. "అయితే నీళ్లు రావన్నట్టు."

"రావు సార్. పొలం ఎత్తు, వాగు పల్లం."

అప్పుడు అవ్వ నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, చిన్నపిల్ల అబద్ధం ఆడితే పెద్దవాళ్లు నవ్వే నవ్వు. "ఏంది బిడ్డా నువ్వు చెప్పేది? పోయిన వానకాలం వాగు పొంగి, గా పైవంపు కాడ గట్టు తెగి, నీళ్లు సీదా నా పొలంలకే వచ్చినయ్. వరి మొత్తం నేలకు పండబెట్టినయ్. పల్లం లేకపోతె ఎట్ల వస్తయ్?"

"పొంగినప్పుడు వేరే అవ్వా," అన్నాను గానీ, నా గొంతు నాకే సన్నగా వినిపించింది. "నేను రెండు రోజులు కొలిచిన. ఆ ఎర్ర రాయి నుంచి పోయి మళ్లా ఆ రాయి కాడికే వచ్చిన. చెక్ వచ్చింది."

"ఏ రాయి? గిదా?" అవ్వ గట్టు మీదికి చూపించింది. "అది నేను కూసునే రాయి. పువ్వు ఎండబోసిన కాడ మేకలు రాకుంట కావలి కూసోవాలె గద. కింద నీడ పడుతుందని నువ్వు రంగేసిన నాడే పొద్దుమూకినంక నేనే గట్టు మీదికి దొర్లించిన. నీ రంగు పచ్చిగ ఉండె, చేతులన్నీ పాడయినయ్," అని రెండు అరచేతులూ చాపి చూపించింది. గోరింటాకు ఇంకా వదల్లేదు.

గొలుసు సార్ నా వైపు చూడకుండా ఆకుల్లోకి చూశాడు. రెండో రోజు లెక్కంతా ఎక్కడికో వెళ్లిపోయిన రాయి మీద నిలబెట్టాను. ఎగ్జామినర్ చేతి గడియారం చూసుకుని, "ఇప్పుడు ఒంటిగంట. మళ్లీ రెండు రోజుల పని మూడింటిలోపు చేస్తావా? లేకపోతే వచ్చే ఏడు రా," అన్నాడు. వచ్చే ఏడు. బాపు బస్సులో ఆ సూపర్‌వైజర్‌కు ఏం చెప్పుకుంటాడో, చిన్నాన్న కొడుకు ఏమంటాడో, అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. ఏడుపు వచ్చింది, నిజం. ముక్కు తుడుచుకుంటూ పుస్తకం వంక చూస్తుంటే, అంకెల మధ్య ఒక సంగతి మెల్లగా కనబడింది. నేను చేసిన తప్పు ఒక్కటే. ఒక్కటే కాబట్టి రెండో రోజు కొలిచిన ప్రతి ఎత్తులోనూ అదే తప్పు, అంతే కొలత తప్పు. రాయి ఎంత పైకి వెళ్లిందో ఆ ఒక్క అంకె తెలిస్తే, రెండో రోజు ఎత్తులన్నిటికీ దాన్ని కలిపేస్తే చాలు.

"సార్, మళ్లీ కొలవక్కర్లేదు. రెండే రీడింగులు కావాలి," అన్నాను. గొంతు మళ్లీ లావయింది. "అవ్వా, ఈ రాయి మొదలు ఏడ ఉండెనో చూపిస్తవా?"

అవ్వ చూపించింది. చెట్టు మొదట్లో రాయి లేచిన గుంట అలాగే ఉంది, అంచున తెల్లటి గడ్డి వేళ్లతో. ముందు గట్టు మీద ఉన్న రాయి మీద కొలత గీతలున్న స్టాఫ్ కర్ర నిలబెట్టి అనుమానం రీడింగ్ తీసింది, రెండుసార్లు తీసింది, ఈసారి నేను ఏమీ అనలేదు. తర్వాత అవ్వా నేనూ కలిసి రాయిని కిందికి దొర్లించాం. గుంటలో పెడితే కుదురుకోలేదు. "అట్ల కాదు, గా మూల చెట్టు దిక్కుకు తిప్పు. ఇరవై ఏండ్ల సంది కూసుంటున్న, నాకు తెల్వదా," అని అవ్వ ఒక్క తోపు తోసింది. రాయి టక్కున కూర్చుంది. మళ్లీ రీడింగ్. తేడా అరవై ఎనిమిది సెంటీమీటర్లు. కలిపి చూస్తే, పైవంపు దగ్గర వాగు నీళ్లు అవ్వ పొలం కంటే జానెడు ఎత్తులో ఉన్నాయి. అనుమానం తన పుస్తకంలో మళ్లీ చేసి తలూపింది. నేను 'చెక్ ఓకే' రాయలేదు. అవ్వ వైపు చూశాను.

"నేను చెప్పలే?" అంది అవ్వ.

ఎగ్జామినర్ పుస్తకం మూసి, "లెక్క తప్పినవాళ్లు చాలామంది కనబడతారు. తప్పు ఎంతో కొలిచి చెప్పినవాళ్లు తక్కువ," అని సంతకం పెట్టాడు. బడి మెట్టు సంగతి గొలుసు సార్ చెప్పినట్టున్నాడు, సంచి తీసుకుంటూ, "అమ్మా, ఈసారి బడి మెట్టు మీద పెట్టు," అని బస్సుకు వెళ్లిపోయాడు. పాసయ్యాను.

అప్పుడు చెప్పాను అవ్వకు, ఇదంతా మా పరీక్ష కోసమేనని, సర్కారు కాలువ తవ్వదని. చెబుతుంటే ముఖం ఎత్తలేకపోయాను. అవ్వ వాగు దిక్కు చెయ్యి చూపించింది. "సర్కారును ఎవరు అడిగిన్రు? మా పిల్లలు లేరా? ఎట్ల పోవాల్నో గీత చూపియ్, వాళ్లే తవ్వుకుంటరు," అంది. మిగిలిన సాయంత్రమంతా నేనూ అనుమానం కలిసి కర్ర మేకులు కొట్టుకుంటూ పోయాం, ఒక్కో మేకు మీద ఎంత లోతు తవ్వాలో గీత పెడుతూ. చివర ఒక ముక్క మిగిలింది. పొద్దు గూకుతోంది, కాలేజీ లారీ హారన్ కొడుతోంది. అనుమానం మిషన్ దింపుదామంది. "ఇంత దూరానికేనా? కంటితో చూస్తె తెలుస్తలేదా?" అని నేను మేకులు టకటకా కొట్టేశాను. ఆ రోజు అంత జరిగినా నా ధైర్యానికి సాయంత్రానికల్లా మళ్లీ ప్రాణం వచ్చింది మరి.

ఈసెట్ రాశాను. ర్యాంకు వచ్చింది, మంచి కాలేజీలో రెండో సంవత్సరంలో కూర్చున్నాను, సీదాగానే. చిన్నాన్న కొడుకు మొదటి సంవత్సరం లెక్కల పేపర్ తప్పి నా దగ్గరికే ట్యూషన్‌కి వచ్చాడు. నేను ఆ దొడ్డిదారి మాట ఎత్తలేదు (వాడు వెళ్లేటప్పుడు మాత్రం మా ఇంటి వెనక తలుపు తీసి పంపాను). నౌకరీ వచ్చాక, అయిదారేళ్లకు, రోడ్డు పని మీద ఆ వైపే జీపులో వెళ్లాల్సి వచ్చింది. వానకాలం వెళ్లిపోయిన కొత్త. ఊరి దగ్గర దిగి నడిస్తే ముందు కనబడింది కాలువ. నా మేకుల వెంటే, నేను గీసిన వంపుల్లోనే, సన్నగా, అద్దంలా పారుతోంది. అవ్వ పొలం పచ్చగా ఉంది. కాలువ వెంట నడిచి చివరికి వెళ్లేసరికి, పొలానికి కొంచెం ఇవతల నీళ్లు సాఫీగా పారకుండా మడుగు కట్టి, అది నిండాకే పొలంలోకి పొర్లుతున్నాయి. మడుగులో ఒక బర్రె కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ఆ చోటు ఏదో నాకు వెంటనే తెలిసిపోయింది. కంటితో చూసి మేకులు కొట్టిన ముక్క అది.

అవ్వ ఇంకొంచెం వంగిపోయింది. రాయి మీదే కూర్చుని ఉంది, గుర్తు వెలిసిపోయి లేత గులాబీ రంగైంది. "ఎర్రరాయి పిల్లవు గద," అంది నన్ను చూడగానే.

"అవ్వా, ఆ మడుగు నా తప్పే. ఆ రోజు అక్కడ కొలవలేదు."

"తెల్సు. తవ్వంగనె తెల్సింది. మావోడు సక్కగ చేస్తనన్నడు, నేనే వద్దన్న."

"ఎందుకు?"

"నీళ్లయితె పొలంలకు పోతున్నయ్ గద. మధ్యల బర్రె కూడ ఇంత చల్లగుంటది. ఉండనీ, నీ గుర్తు," అంది.

జీపు దగ్గర నుంచి మా మనిషి రంగు డబ్బా పట్టుకుని వచ్చి, "మేడమ్, ఈ రాయి మంచిగుంది. బెంచ్ మార్క్ దీని మీద పెట్టన్నా?" అని అడిగాడు. వద్దు, బడి మెట్టు మీద పెట్టమన్నాను. దూరమవుతుందన్నాడు. కానీయమన్నాను. అవ్వ కొంచెం జరిగి రాయి మీద నాకు చోటిచ్చింది. రాళ్లు ఎట్ల కదుల్తయ్ సార్ అని అంతమంది ముందు గట్టిగా అడిగిన ఆ పిల్ల గుర్తొచ్చింది. దాని పొగరు చూస్తే నవ్వొచ్చింది, అది ఇప్పుడు నా దగ్గర లేదే అని కొంచెం దిగులూ వేసింది. అవ్వ పక్కనే కూర్చుని, బర్రె లేచేదాకా చూస్తూ ఉండిపోయాను.